పడవెక్కిన ఫిడేలు

"ఛాంబర్ మ్యూజిక్" అనే మాట ఇంగ్లీషు పుస్తకాల్లో తరుచు కనపడుతూ వుంటుంది. దీనికి తెలుగు చెప్పమంటే మా స్నేహితుడొకడు "గది సంగీతం" అన్నాడు. పక్కనున్న మరొకడు "స్నానాల గది సంగీతమనుకుంటారు, వద్దు" అన్నాడు. మాట సంగతి యెల్లా వున్నా, వస్తువు మాత్రం మనకు కొత్తది కాదు. వందమంది వాయిద్యగాళ్ళు బారులు తీరి కూచుంటే ముందొకాయన నిలబడి బెత్తం వూపుతాడు చూడండి, అది వేరు. ఇది ముగ్గురో నలుగురో దగ్గర దగ్గరగా కూచుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయించుకునే సంగీతం. రెండు ఫిడేళ్ళు, వాటికన్న కాస్త పెద్దదైన వయోలా, మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించే చెల్లో, ఈ నాలుగూ కలిసిన మేళానికి హైడన్ (1732–1809) అనే మహానుభావుడు ఒక రూపం దిద్దాడంటారు.

మన కచేరీ పుట్టుకతోనే యిటువంటిది. గాత్రం, ఫిడేలు, మృదంగం, వెనక తంబురా. నలుగురికీ కలిపి ఒక్క జంబుఖానా చాలు. పాడే ఆయన ఒక సంగతి వేసి ఫిడేలు వైపు తల తిప్పితే, ఆ తల తిప్పడం కూడా వినేవాళ్ళకు కనపడాలి. వెయ్యి కుర్చీల హాళ్ళూ, చెవులు చిల్లులుపడే మైకులూ తరువాత వచ్చినవి. అవి వచ్చిన తరువాత సంగీతం పెద్దది అయినదో, దూరం అయినదో ఎవరికి వారే చెప్పుకోవాలి. ఇంతకూ ఆ నలుగుర్నీ, ఆ జంబుఖానాతో సహా, పడవ యెక్కించి ఒక లంకలో వున్న బడికి తీసుకుపోతే యేమవుతుందన్నది యీ వారం ముచ్చట.

ఇటువంటి ఆలోచన ప్రపంచంలో చాలామందికి వచ్చింది. యెహూదీ మెనూహిన్ అని జగత్ప్రసిద్ధుడైన ఫిడేలు విద్వాంసుడు వుండేవాడు. 1952లో ఆయన మన దేశం వచ్చినప్పుడు మన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయిద్యం విని ముగ్ధుడయ్యాడని చెబుతారు. ఆ మెనూహిన్ 1977లో ఇంగ్లండులో "లైవ్ మ్యూజిక్ నౌ" అనే సంస్థ పెట్టించాడు. కచేరీకి రాలేనివాళ్ళ దగ్గరకు కచేరీయే వెళ్ళాలన్నది దాని సూత్రం. ఆసుపత్రులకు, వృద్ధుల ఆశ్రమాలకు, బళ్ళకు చిన్న చిన్న మేళాలను పంపుతారు. చిత్రమేమిటంటే, అదే 1977లో మన ఢిల్లీ ఐ.ఐ.టి.లో కిరణ్ సేఠ్ అనే ఆచార్యుడు "స్పిక్ మేకే" అనే సంస్థకు అంకురార్పణ చేశాడు. పెద్ద పెద్ద విద్వాంసులు కాలేజీలకూ బళ్ళకూ వచ్చి, పిల్లలకు యెదురుగా కూచుని, వాయించి, యెందుకు వాయించారో కూడా చెప్పడం దాని పద్ధతి.

1977 అంటే మన దివిసీమవారికి మాత్రం యివేవీ జ్ఞాపకం రావు. ఆ సంవత్సరం నవంబరు 19వ తేదీన సముద్రం లేచి వూళ్ళమీదికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలైన గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవారు అధికారుల లెక్కకే పదివేల దరిదాపు. ఇప్పటికీ ఆ ప్రాంతాల్లో వయస్సు అడిగితే "ఉప్పెనకు ముందు" "ఉప్పెన తరువాత" అని చెప్పేవారు వున్నారు. అటువంటి చోటికి ఫిడేలు పట్టుకు వెళ్ళడమేమిటని మీరు అడగవచ్చు. మాతో పంటు ఎక్కిన ఒక పెద్దమనిషి కూడా సరిగ్గా యీ ప్రశ్నే వేశాడు. ఆయన దగ్గరకు తరువాత వస్తాను.

ముందు దివిసీమ గురించి ఒక మాట. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ, కింద సముద్రం అంచుగా వున్న నేలే దివి. సాగునీరు కూడా ఒక పాయ మీదుగా, పులిగడ్డ అక్విడక్టు మీద నడిచి రావలసిందే. దానికీ అవతల, నాగాయలంక దాటి, ఏటిమొగ రేవులో పంటు యెక్కితే ఎదురుమొండి. అది లంకలో లంక అన్నమాట. ఒక వైపు మడ అడవి, ఒక వైపు రొయ్యల చెరువులు, మధ్యన వూళ్ళు.

ఈ నేలకూ సంగీతానికీ యేమి సంబంధమని మీరు తేలికగా తీసిపారెయ్యకండి. త్యాగరాజస్వామి (1767–1847) శిష్యులు మానంబుచావడి వెంకటసుబ్బయ్యగారు. ఆయన శిష్యులు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు. శాస్త్రిగారిది యెక్కడనుకున్నారు? మన కృష్ణ ఒడ్డున వున్న పెదకళ్ళేపల్లి. ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు. పంతులుగారిది ఘంటసాల పక్కన వున్న శ్రీకాకుళం, ఆంధ్ర మహావిష్ణువు ఆలయం వున్న వూరు. రెండూ పాత దివి తాలూకా గ్రామాలే. అంటే కావేరీ తీరాన త్యాగయ్యగారు వెలిగించిన దీపం కృష్ణాతీరానికి రావడానికి మధ్యన యే రాజాస్థానమూ అక్కరలేకపోయింది. దివి తాలూకా పల్లెలే చాలినాయి. అటు చూస్తే మొవ్వ క్షేత్రయ్యది. పక్కనే కూచిపూడి. ఆ కూచిపూడి భాగవతులు చేసిందేమిటి? మృదంగం, తాళాలు, ఒక శ్రుతి పెట్టె బండికెత్తి, వూరూరా తిరిగి, ఏ వూళ్ళో పందిరి వేస్తే ఆ వూళ్ళో ఆడి, పిల్లలను ఆకట్టుకు రావడమే గదా! మెనూహినుగారి సూత్రం ఆయన పుట్టకముందే మనవాళ్ళ కాళ్ళకు గజ్జెలై మోగింది.

పంతులుగారు తరువాత విజయవాడలో స్థిరపడ్డారు. 1951లో పోయేవరకు ఆయన ఇల్లు శిష్యులతో నిండి వుండేది. గోదావరి లంకల వైపు శంకరగుప్తంలో 1930లో పుట్టిన మురళీకృష్ణను తండ్రి పట్టాభిరామయ్యగారు తెచ్చి ఆ యింట్లో అప్పగించారు. తల్లి లేని పిల్లవాడు. ఎనిమిదేళ్ళ వయస్సులో విజయవాడ త్యాగరాజ ఉత్సవాల్లో నిండు కచేరీ చేస్తే, హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు విని పేరుకు ముందు "బాల" చేర్చారు. తరువాత విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు అయినది ఆ బాలమురళీకృష్ణే. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో 1926లో పుట్టి, అదే గురువు దగ్గర ఫిడేలు పట్టి, 1948లో విజయవాడ రేడియోలో చేరి, 2021లో పద్మశ్రీ అందుకున్న అన్నవరపు రామస్వామిగారిదీ ఆ యిల్లే. ఆ యింటికి పల్లెలనుంచి పిల్లలు వచ్చారు. దివి నుంచి వెళ్ళిన గురువు విజయవాడలో వున్నాడు గనుక వచ్చారు. కాని విజయవాడ తిరిగి దివికి యేమి పంపింది? ఈ బాకీ సంగతి నాకు చాలాకాలంగా తొలుస్తూనే వున్నది.

మొన్న మాఘమాసంలో మాకు తెలిసిన ముగ్గురు విద్వాంసులు దివి బళ్ళలో మూడు రోజులు పాడి వద్దామనుకున్నారు. పాడేది సంగీత కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరయిన అమ్మగారు. ఫిడేలు ఒక కుర్రవాడు, పగలు బాంకులో వుద్యోగం. మృదంగం అరవై దాటిన మాస్టారు. నన్నెందుకు తీసుకువెళ్ళారంటే, తంబురా మొయ్యడానికి. మా ఆవిడ "మీరు పాడకుండా వుంటామని మాట యిస్తేనే వెళ్ళండి" అని పంపింది.

పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా మొదటి రోజు రెండు బళ్ళు అయినవి. అవన్నీ రోడ్డు వున్న వూళ్ళు. పిల్లలు మర్యాదగా విన్నారు, చప్పట్లు కొట్టమన్నప్పుడు కొట్టారు. హెడ్మాస్టరొకాయన గడియారం చూస్తూ "రెండు పీరియడ్లు పోయాయండీ, లెక్కలు వెనకపడ్డాయి" అని కృతజ్ఞతలు చెప్పాడు. కృతజ్ఞతలు చెప్పడంలో యిదొక రకం.

రెండవనాడు పంటు యెక్కాం. పంటు అంటే తెలియనివారికి చెబుతున్నాను. రెండు పడవలు జత చేసి పైన బల్లలు పరుస్తారు. మనుషులూ, మోటారు సైకిళ్ళూ, మేకలూ, ఐసు పెట్టెలూ, పెళ్ళివారూ అన్నీ దానిమీదే. ఫిడేలు కుర్రవాడు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లను పట్టుకున్నట్లు పట్టుకున్నాడు. ఉప్పుగాలి తీగలకు పడదు, తుప్పు పడుతుంది. మృదంగం మాస్టారికి దిగులే లేదు. "నా దాన్ని నీళ్ళలో పడేసినా తేలుతుందండీ, పనసచెక్క" అన్నారు.

అక్కడే ఆ పెద్దమనిషి తగిలాడు. రొయ్యల వ్యాపారం కాబోలు, చేతిలో రెండు ఫోనులు. "ఏమండీ, యీ లంకవాళ్ళకి కావలసింది వంతెన, డాక్టరు. రాత్రిపూట పురుడొస్తే పంటు కోసం చూసే వూళ్ళకి సంగీతమా?" అన్నాడు. మాలో యెవ్వరం కోపం తెచ్చుకోలేదు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. అయితే వంతెన వచ్చేదాకా పిల్లలు పెరగకుండా ఆగరు గదా. పదమూడేళ్ళ పిల్ల వచ్చేయేటికి పధ్నాలుగేళ్ళదవుతుంది. స్వరం నిలిచే వయస్సు, వేళ్ళు వంగే వయస్సు కాస్తా దాటిపోతుంది. నేను యిదే చెప్పాను. ఆయన "అదీ నిజమే" అని ఫోను మాట్లాడుకోవడానికి పక్కకు వెళ్ళాడు.

బడి పేరు చెప్పను. అటువంటి బడి ఏ లంకలోనైనా వుంటుంది. వరండాలో జంబుఖానా పరిచాం. పిల్లలు మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వచ్చి కూచున్నారు. మేష్టరుగారు "వెనక్కి జరగండిరా" అంటే అమ్మగారు "వుండనివ్వండి" అన్నారు. మైకు లేదు. కరెంటు కూడా ఆ గంటకు లేదు. తంబురా నేను మీటాను. (మీటడం పాడటం కిందికి రాదని నా వాదన.)

అమ్మగారు మొదట పాడలేదు. ఫిడేలు విప్పి చూపించమన్నారు. ఇది మనది కాదర్రా, వోడయెక్కి వచ్చింది అని కథ చెప్పారు. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక దొర దగ్గర యీ వాద్యం నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. దొరలు గడ్డం కింద పెట్టుకుని నిలబడి వాయిస్తారు. మనవాళ్ళు దానిని కిందికి దించి, కూచుని, కొసను కుడిపాదం మీద ఆనించి, తీగలను స-ప-స-ప అని శ్రుతి చేసుకున్నారు. పరాయి దేశపు పిల్ల మన యింటి కోడలయిందన్నారు ఆవిడ. పిల్లలకు యీ మాట బాగా పట్టింది.

"అమ్మగారండీ, ఆ కర్రకి కట్టినదేంటండీ?"

"గుర్రం తోక వెంట్రుకలు."

వరండా అంతా గొల్లుమంది. నమ్మలేదు. కుర్రవాడు కమాను వొకటొకటిగా అందరికీ పట్టుకు చూపించాడు. ఒకడు వాసన చూశాడు. "గుర్రం వాసన లేదండి" అని తీర్పు చెప్పాడు. దానికి రుద్దే రాళ్ళ ముద్ద దేవదారు వంటి చెట్లనుంచి తీసినదనీ, అది రాయకపోతే వెంట్రుకలు తీగమీద జారిపోతాయి తప్ప పలకవనీ కుర్రవాడు చెప్పి, రాయని కమానుతోనూ రాసిన కమానుతోనూ వాయించి చూపించాడు. మా అబ్బాయికి కాలేజీలో ఘర్షణ గురించి మూడు నెలలు చెప్పారు. ఇక్కడ మూడు నిమిషాల్లో తెలిసింది.

తరువాత మాస్టారు వంతు. మృదంగం కుడివైపు నల్లటి మచ్చ యేమిటన్నారు పిల్లలు. ఒక జాతి నల్లరాయి పొడిని అన్నంతో కలిపి మెత్తగా నూరి, పొరమీద పొర వేసి రాస్తారని చెప్పి, "యిక యెడమవైపుకి బొంబాయి రవ్వ కావాలి, యెవరు తెస్తారు?" అన్నారు. నలుగురు మధ్యాహ్నభోజనం వంటశాలకు పరిగెత్తారు. వంటామె "ఉప్మా చేస్తారా యేంటి?" అని తొంగి చూసింది. మాస్టారు రవ్వను నీళ్ళతో తడిపి ముద్ద చేసి యెడమ చర్మానికి అంటించి, ఒక్క గుంకీ తీశారు. ఆ గుంకీకి ముందు వరస వాడొకడు కడుపు పట్టుకుని చూసుకున్నాడు, శబ్దం తనలోంచి వచ్చిందేమోనని. రేడియోలో యీ ధ్వని వెయ్యిసార్లు వినవచ్చు. కడుపులో వినడం మాత్రం రెండు గజాల దూరంలోనే సాధ్యం.

రేడియోను నేను తక్కువ చెయ్యడం లేదు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రం మొదలయిన తరువాత పొద్దున్నే భక్తిరంజని వినపడని అరుగు యీ జిల్లాలో వుండేది కాదు. ఎంతమంది తల్లులు పొయ్యి దగ్గర నిలబడి ఆ పాటలు పట్టుకుని పిల్లలకు అప్పగించారో! ఆ కేంద్రం దండమూడి రామమోహనరావుగారి మృదంగాన్ని ఇంటింటికీ వినిపించింది. ఆయన శ్రీమతి సుమతిగారు ఆడవాళ్ళు మృదంగం ముట్టడం వింతగా చూసే రోజుల్లో విద్వాంసురాలై 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ సంగతి మాస్టారు ఆ వరండాలో చెప్పగానే, అంతవరకు మగపిల్లల వెనక నక్కిన ఆడపిల్లలు ముగ్గురు ముందుకు వచ్చి మృదంగం మీద చెయ్యి వేశారు. అయితే రేడియో తప్పు దిద్దదు. నీ వేలు యిక్కడ కాదు, అక్కడ అని పట్టుకు పెట్టదు. ఇప్పటి ఫోనూ అంతే.

చివర అమ్మగారు స్వరాలు పలికించారు. ఆవిడ "స" అంటే పిల్లలందరూ "స" అని అరిచారు, గోదారి పొంగినంతగా. సరే, అరుపు ఆగింది. ఒక గొంతు మాత్రం ఆగలేదు. ఎనిమిదో తరగతి పిల్ల, స్తంభానికి ఆనుకుని, కళ్ళు మూసుకుని, తంబురాతో కలిపి షడ్జం నిలబెట్టి వుంచింది. అమ్మగారు నావైపు చూశారు. నేను చప్పున తంబురా ఆపాను. ఆ పిల్ల ఆగలేదు, జారలేదు. అమ్మగారు అరమెట్టు పైకి యెత్తి మరో "స" అన్నారు. పిల్ల కూడా మెల్లిగా అక్కడికి యెక్కింది. కిందికి దించారు. దిగింది. ముప్ఫై యేళ్ళు పాఠాలు చెప్పిన ఆవిడ గొంతులో తడి నేను మొదటిసారి విన్నాను. "ఎవరు నేర్పారమ్మా?" అన్నారు.

"ఎవరూ లేదండి. మా తాత వల లాగేటప్పుడు పాడతాడండి. నేను వెనకాల పట్టుకుంటానండి."

"అమ్మాయ్, నువ్వు సంగీతం నేర్చుకోవాలి."

"మళ్ళీ యెప్పుడొస్తారండి?"

ఈ ప్రశ్నకు మా నలుగురిలో యెవరి దగ్గరా జవాబు లేదు.

తిరుగు పంటులో దీనిమీదే వాదం. ఫిడేలు కుర్రవాడు వుత్సాహంలో వున్నాడు. తన పాత ఫిడేలు ఆ పిల్లకు పంపిస్తానన్నాడు. మాస్టారు అడ్డం తిరిగారు. "పంపి యేం చేస్తారండీ? నెల తిరక్కుండా తీగ తెగుతుంది. తెగకపోతే తుప్పు పడుతుంది. శ్రుతి చేసేదెవరు? గోడకి తగిలించి దండ వేస్తారు. ఆకలి పుట్టించి విస్తరి తీసుకుపోయినట్లుంది మన పని" అన్నారు. ఫోనులో పాఠం చెప్పవచ్చన్నాడు కుర్రవాడు. దానికి అమ్మగారు ఒప్పుకోలేదు. ఫోనులో మాట కాస్త ఆలస్యంగా అందుతుంది. గురువు, శిష్యురాలు కలిసి పాడితే తాళం రెండుగా చీలుతుంది. ఒకరు పాడి ఒకరు అప్పగించడం కుదురుతుంది గాని, గొంతుతో గొంతు కలిపి నడిపించడం కుదరదు. మొదటి రెండేళ్ళూ కావలసింది ఆ కలిపి నడిపించడమే.

నేను ఘంటసాలగారి సంగతి యెత్తాను. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన పిల్లవాడు, చిన్నతనంలోనే తండ్రి పోయి, నేర్పేవారికోసం విజయనగరం వెళ్ళి, మధుకరం యెత్తుకుని తిని, మహారాజావారి కళాశాలలో చదువుకున్నాడు. ఈ కథ మనం యెంతో గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం దాన్ని వింటుంటే రెండో వైపు కనపడుతుంది. ఎంతమంది పిల్లలు అల్లా వెళ్ళలేక వూళ్ళోనే వుండిపోయారో! వెళ్ళినవాడి కథ వున్నది, వుండిపోయినవాళ్ళది లేదు. అందులోనూ పదమూడేళ్ళ ఆడపిల్లను, వల లాగే తాత, జోలె కట్టి పొరుగూరు పంపగలడా? పంపకూడదు కూడాను. అప్పుడు గురువే పడవ యెక్కాలి. వేరే దారి లేదు.

బళ్ళలో డ్రిల్లు మాస్టారు వుంటాడు, సంగీతం మాస్టారు యెక్కడోగాని వుండడు. జిల్లాకు కొందరు సంగీతోపాధ్యాయులను పెట్టి, వారానికి ఒకరోజు ఒక్కొక్క బడికి తిప్పితే ఖర్చు పెద్దదేమీ కాదు. సర్కారు చెయ్యాలంటే చెయ్యవచ్చు. సంగీత కళాశాలలో డిప్లొమా పుచ్చుకుని యేం చెయ్యాలో తోచక పెళ్ళి పందిళ్ళలో కీబోర్డు వెనక కూచునేవాళ్ళను నేను చాలామందిని యెరుగుదును. ఆ అమ్మాయిలకూ అబ్బాయిలకూ కాస్త జీతం, పంటు చార్జీ యిస్తే చాలు. సర్కారు సంగతి తెమలకపోతే సభలు చెయ్యవచ్చు. ఏటా త్యాగరాజోత్సవాలకు మనం వేసే పందిట్లో ఒక వరస సీరియల్ దీపాలు తగ్గిస్తే ఒక లంకకు ఏడాది పాఠాలు వస్తాయేమోనని నా అనుమానం. త్యాగయ్యగారు దీపాలు తగ్గాయని నొచ్చుకోరు.

ఇంటికి వచ్చి యిదంతా చెబితే మా ఆవిడ "ముందు ఆ పిల్ల అమ్మను అడిగారా?" అంది. అడగలేదు. తల్లి వేటపాలెం వైపు రొయ్యలు వలవడానికి వెళుతుందనీ, ఇల్లు ఆ పిల్లే చూసుకుంటుందనీ తరువాత బడి మేష్టరుగారి ద్వారా తెలిసింది. పాఠం యెప్పుడు పెట్టినా రెండవ శనివారం పొద్దున్నే పెట్టాలట. ఆ రోజు తల్లి ఇంటి దగ్గర వుంటుంది. తాత మాత్రం ఒక షరతు పెట్టాడు. "పాట నేర్పండి గాని, నా పాట మరిపించొద్దు" అన్నాడట. అమ్మగారికి యీ షరతు చెప్పగానే "ఆయన పాట నేనే నేర్చుకుంటాను" అన్నారు.

అమ్మగారికి మోకాళ్ళ నొప్పి, ప్రతినెలా అంతదూరం వెళ్ళలేరు. ఆరు నెలలకొకసారి వస్తానన్నారు. ఫిడేలు కుర్రవాడికి తీరిక దొరకాలి. చివరకు పంపి ప్రయోజనం లేదన్న మాస్టారే ఒప్పుకున్నారు. ఆయన మృదంగం మనిషి గదా అంటే, "సరళీస్వరాలు నేనూ పాడగలనండీ, గొంతు బొంగురు, శ్రుతి బొంగురు కాదు. ముందు తాళం కూచుంటే తరువాత యేదైనా కూచుంటుంది" అన్నారు. మొదటి శనివారం పదకొండుమంది పిల్లలు వచ్చారట. రెండవ నెలకు ఆరుగురు మిగిలారు. ఆ ఆరుగురిలో మృదంగం మీద చెయ్యి వేసిన ముగ్గురు ఆడపిల్లల్లో ఇద్దరు వున్నారు. స్తంభం దగ్గరి పిల్ల వున్నది. కడుపు పట్టుకు చూసుకున్నవాడూ వున్నాడు.

కిందటి రెండవ శనివారం గాలివాన. పంటు ఆపేశారని విన్నాను. సాయంత్రం మాస్టారికి ఫోను చేసి, ఈ నెల పాఠం తప్పిపోయినట్లేనా అని అడిగాను.

"లేదండీ. వాళ్ళ తాత పడవ తెచ్చాడు" అన్నారు.